స్వతంత్ర భారత తొలి నాణేలు: గుర్తించడం ఎలా, దాచుకోవడం ఎలా, ఎవరిని నమ్మకూడదు?

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. జేబులో ఉన్న రూపాయి మీద మాత్రం ఇంకో మూడేళ్ల పాటు ఇంగ్లండ్ రాజు ఆరో జార్జి బొమ్మే ఉంది. కొత్త దేశానికి కొత్త నాణెం రావడానికి 1950 ఆగస్టు 15 దాకా ఆగాల్సి వచ్చింది. అలా వచ్చిన నాణేలు, వాటికి కాస్త ముందు, కాస్త తర్వాత చలామణిలో ఉన్నవి ఇవాళ్టికీ మన ఇళ్లలో దొరుకుతున్నాయి. నానీ ట్రంకు పెట్టెలో, పాన్‌దాన్ అడుగున, గోధుమల డబ్బాలో, పాత బట్వాలో ఎక్కడో ఒకచోట నాలుగైదు ఉంటాయి.

ఈ మధ్య వాటి గురించి ఫోన్లలో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. "ఈ రూపాయి మీ దగ్గరుంటే లక్షాధికారి" అని వాటి వరస. నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఇంకో పక్క, విలువ తెలియక మంచి వెండి సిక్కాల్ని కరిగించేవాళ్లకు తూకం మీద ఇచ్చేస్తున్నవాళ్లూ ఉన్నారు. రెండూ నష్టమే. అందుకే ఈ నాణేల సంగతి మొదటినుంచి చూద్దాం.

1947 నుంచి 1950 దాకా: రాజు బొమ్మతో స్వతంత్ర దేశం

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే నాణేలు మార్చడం సాధ్యం కాలేదు. పాత నాణేలే కొనసాగాయి. 1947 తేదీ ఉన్న రూపాయి ఒక పక్క ఆరో జార్జి, ఇంకో పక్క నడుస్తున్న పులి బొమ్మతో ఉంటుంది. ఇది పూర్తిగా నికెల్. వెండి కాదు.

వెండి ఎందుకు పోయింది? 1940కి ముందు రూపాయిలో దాదాపు 92 శాతం వెండి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో వెండి కరువై దాన్ని 50 శాతానికి తగ్గించారు. చివరికి మొత్తం తీసేసి నికెల్ పెట్టారు. అదే యుద్ధం రోజుల్లో, 1943లో, లోహం ఆదా చేయడానికి పైసా నాణేనికి మధ్యలో పెద్ద రంధ్రం పెట్టారు. మన పెద్దవాళ్లు చిల్లుకాణీ అనేది దాన్నే.

ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. భారత ప్రభుత్వ చలామణి నాణేల్లో 1948, 1949 తేదీలు ఉన్నవి లేవు. 1947 తర్వాత తేదీ నేరుగా 1950కి వెళ్తుంది. ఎవరైనా "1948 ఇండియా రూపాయి" అని అమ్మజూపితే అక్కడే ఆగిపోండి.

1950 ఆగస్టు 15: అణాల వరస

గణతంత్ర దేశం తొలి నాణేల్ని సేకరించేవాళ్లు అణా సిరీస్ అంటారు. రాజు తల ఉన్నచోట సారనాథ్ అశోక స్తంభం సింహాలు వచ్చాయి. రూపాయి మీద పులి పోయి గోధుమ కంకులు వచ్చాయి. లెక్క మాత్రం పాతదే: రూపాయికి 16 అణాలు, అణాకి 4 పైసలు, అంటే రూపాయికి 64 పైసలు.

మొత్తం ఏడు నాణేలు.

రూపాయి: నికెల్, గుండ్రం, గోధుమ కంకులు.

అర్ధ రూపాయి: నికెల్, గుండ్రం, కంకులు. ఎనిమిది అణాలు.

పావలా: నికెల్, గుండ్రం, కంకులు. నాలుగు అణాలు.

రెండు అణాలు, అంటే మన బేడ: రాగి, నికెల్ కలిపిన లోహం. మూలలు నున్నగా ఉన్న చదరం. మీద ఎద్దు.

అణా: అదే లోహం. అంచు పువ్వు రేకుల్లా ఒంపులు ఒంపులుగా ఉంటుంది. మీద ఎద్దు.

అర్ధణా: అదే లోహం, చిన్న చదరం. మీద ఎద్దు.

పైసా: కంచు, గుండ్రం. మీద పరుగెత్తుతున్న గుర్రం.

ఎద్దు, గుర్రం ఎక్కడివి అంటే, మన రాజముద్రలో సింహాల కింద పీఠం చూడండి. అక్కడ కూడా ఈ రెండూ కనిపిస్తాయి.

చదరం, పువ్వు, గుండ్రం అని ఇన్ని ఆకారాలు అందం కోసం పెట్టినవి కావు. చదువు రానివాళ్లు, చూపు సరిగా ఆననివాళ్లు కూడా చేత్తో తడిమి ఏది ఏదో చెప్పగలగాలి. బ్రిటిష్ కాలం నుంచి ఉన్న ఈ పద్ధతిని కొత్త ప్రభుత్వం అలాగే ఉంచింది.

మన పాఠకులు గమనించాల్సిన మార్పు ఒకటుంది. బ్రిటిష్ కాలం అణా మీద విలువ ఇంగ్లీషుతో పాటు నాలుగు లిపుల్లో ఉండేది: నాగరి, బెంగాలీ, ఉర్దూ, తెలుగు. అవును, తెలుగులో "ఒక అణా" అని అచ్చంగా ఉంటుంది. 1950 వరసలో హిందీ, ఇంగ్లీషు మాత్రమే మిగిలాయి. ఉర్దూ, తెలుగు రెండూ నాణెం మీద నుంచి ఒకేసారి వెళ్లిపోయాయి. రెండు అణాల్నీ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి, పాఠం దానంతట అదే అర్థమవుతుంది.

1957 ఏప్రిల్ 1: నయా పైసా

1955లో పార్లమెంటు నాణేల చట్టాన్ని సవరించింది. అది 1957 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. రూపాయికి 100 పైసలయ్యాయి. పాత పైసాతో తికమక పడకుండా కొత్తదానికి నయా పైసా అని పేరు పెట్టారు. ఒక నయా పైసా మీద హిందీలో "రుపయే కా సౌవా భాగ్" అని, అంటే రూపాయిలో నూరో వంతు అని రాశారు. జనానికి లెక్క నేర్పడానికి అది.

లెక్క నిజంగానే తిప్పలు పెట్టింది. పావలా అంటే సరిగ్గా 25 నయా పైసలు, అర్ధ రూపాయి అంటే 50. అక్కడిదాకా బాగానే ఉంది. అణాకి మాత్రం 6.25 వస్తుంది. పావు పైసా ఎవరిస్తారు? కాబట్టి అణాకి 6, రెండు అణాలకి 12, మూడు అణాలకి 19 అని పట్టిక పెట్టారు. ఒక్కో అణాగా పదహారు సార్లు మారిస్తే 16 ఆర్లు 96. రూపాయికి నాలుగు పైసలు గాల్లో పోయినట్టే. రోజూ అణాల్లో కొనుక్కునే పేదవాడికి ఆ నాలుగు పైసలు చిన్నవి కావు.

1957లో ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై ఐదు నయా పైసల నాణేలు వచ్చాయి. యాభై మాత్రం 1960లో వచ్చింది. 1964 జూన్ 1 నుంచి "నయా" అనే మాట తీసేసి పైసా అన్నారు. అందుకే 1957 నుంచి 1964 మధ్య "నయా పైసా" అని ఉన్నవి సేకరణలో ఒక ప్రత్యేక వరస. ఒక నయా పైసా మొదట కంచులో వచ్చింది, 1962 నుంచి పసుపు రంగు నికెల్ ఇత్తడిలో వచ్చింది. రెండు రకాలూ దొరికితే విడివిడిగా పెట్టుకోండి.

మన దగ్గర సంగతి వేరు: హాలీ సిక్కా

తెలంగాణ ఇళ్లల్లో, అలాగే అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ఉన్న మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల ఇళ్లల్లో ఇంకో రకం నాణేలు కలిసిపోయి ఉంటాయి. అవి నిజాం ప్రభుత్వం సొంతంగా ముద్రించిన హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అని కూడా అంటారు. ఆంధ్రా వైపు మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి అక్కడ బ్రిటిష్ రూపాయే నడిచింది. కల్దార్ అని పెద్దవాళ్లు అనేది ఆ బ్రిటిష్ రూపాయినే.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. దాని ద్వారం మధ్యలో ఉర్దూ అక్షరం "ఐన్" కనిపిస్తుంది, ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. అదే చోట "మీమ్" ఉంటే అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది. ఇంట్లో ఉర్దూ చదివే దాదా, దాదీ ఉంటే వాళ్లకిచ్చి చదివించండి.

ఈ నాణేల మీద 92 అనే అంకె కూడా ఉంటుంది. చాలామంది దాన్ని సంవత్సరం అనుకుంటారు. కాదు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కలిపితే 92, అంటే ముహమ్మద్ అనే పేరు.

అసలు తేదీ హిజ్రీలో ఉంటుంది. దాంతో పాటు రాజు గద్దెనెక్కి ఎన్నేళ్లయిందో చెప్పే చిన్న అంకె వేరుగా ఉంటుంది. హిజ్రీని మన లెక్కకు మార్చడానికి తేలిక సూత్రం: హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1330కి లెక్క వేస్తే 1912 వస్తుంది. ఒక ఏడాది అటూ ఇటూ తేడా ఉండొచ్చు.

సంస్థానం 1948 సెప్టెంబరులో భారత్‌లో కలిసింది. హాలీ సిక్కా వెంటనే ఆగలేదు. ఇండియా రూపాయితో పాటు కొన్నేళ్లు నడిచి, 1959లో పూర్తిగా రద్దయింది. మారకం లెక్క ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలు. నూరు కల్దార్‌కి 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ.

కామర్స్ చదివినవాడిగా నాకు ఈ లెక్క ఆసక్తిగా అనిపించింది. పాత హాలీ రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అంటే నికరంగా 9.14 గ్రాముల వెండి. పాత బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అంటే దాదాపు 10.69 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.855 వస్తుంది. ఆరు బై ఏడు 0.857. మారకం రేటు, వెండి బరువు దాదాపు ఒక్కచోటే నిలబడ్డాయి.

హైదరాబాద్ టంకశాల చరిత్ర 1803తో మొదలవుతుంది. 1903లో సైఫాబాద్‌కి మారింది. 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1997లో చర్లపల్లికి తరలింది. నిజాం సిక్కాలు ముద్రించిన సంస్థే తర్వాత ఢిల్లీ ప్రభుత్వం పైసలు కూడా ముద్రించిందన్నమాట.

ఏ టంకశాల నాణెమో తెలుసుకోవడం

నాణెం మీద సంవత్సరం అంకె కింద చూడండి. ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. చిన్న వజ్రం ఆకారం, లేదా చుక్క ఉంటే బొంబాయి. నక్షత్రం ఉంటే హైదరాబాద్. హైదరాబాద్ తొలి రోజుల్లో మధ్యకి చీలిన వజ్రం, చుక్క ఉన్న వజ్రం కూడా వాడింది. నోయిడా టంకశాల 1980లలో వచ్చింది కాబట్టి ఈ కాలం నాణేల్లో దాని ఊసే లేదు.

గుర్తు సరిగ్గా కనపడాలంటే పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న లూప్ చాలు, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేలాంటిది. ఒకే సంవత్సరం, ఒకే విలువ ఉన్నా టంకశాల వేరైతే సేకరణలో అది వేరే నాణెం. 1950 పైసాలో అయితే మందంగా ఉన్నది, పలుచగా ఉన్నది అని రెండు రకాలు కూడా ఉన్నాయి.

వెండా, నికెలా? ఇంట్లోనే పరీక్ష

ఒక అయస్కాంతం తెచ్చుకోండి. 1947 పులి రూపాయి, 1950 కంకుల రూపాయి, అర్ధ రూపాయి, పావలా నికెల్ కాబట్టి అతుక్కుంటాయి. వెండి అతుక్కోదు. రాగి నికెల్ కలిపిన అణా, బేడ కూడా అతుక్కోవు. "వెండి రూపాయి" అని ఎవరైనా ఇచ్చినది అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. అంటుకోకపోయినంత మాత్రాన వెండి అని కూడా కాదు. అప్పుడు బరువు చూడాలి.

పాత రూపాయి బరువే తులం, అంటే 11.66 గ్రాములు. 1950 నికెల్ రూపాయిని కూడా అదే బరువుకి చేశారు. బాగా అరిగితే కొంచెం తగ్గొచ్చు, పెరగదు. చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి 9 గ్రాములో, 13 గ్రాములో వస్తే అనుమానించండి.

తులం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. జకాత్ నిసాబ్‌లో వెండికి చెప్పే సాఢే బావన్ తోలా, అంటే 52న్నర తులాలు, 612.36 గ్రాములు. ఇంట్లో వెండి సిక్కాలు ఎక్కువగా ఉన్నవాళ్లు అవి వట్టి పాత నాణేలు అనుకుని లెక్కలోంచి వదిలేయకుండా, వాటిలో వెండి ఎంతో రాసుకుని తమ ఆలిమ్‌ని అడిగితే మంచిది. నికెల్ నాణేల్లో వెండి ఏమీ లేదు.

ధర ఎలా పడుతుంది?

ఒక నాణేనికి మూడు విలువలుంటాయి. ఒకటి దాని మీద రాసిన విలువ. రెండు దానిలోని లోహం విలువ. మూడు సేకరించేవాడు ఇచ్చే ధర. వయసొక్కటే ధర పెంచదు. కోట్ల సంఖ్యలో ముద్రించిన 1950ల పైసా ఎంత పాతదైనా సులువుగా దొరుకుతుంది. ఇంట్లో దొరికే అణా సిరీస్, నయా పైసా నాణేల్లో ఎక్కువ భాగం పదుల్లో, వందల్లో పోయేవే. లక్షలు కాదు.

ధర పెంచేవి మూడు: ఆ సంవత్సరం, ఆ టంకశాల నాణేలు తక్కువ మిగలడం, నాణెం చలామణిలో అరగకుండా ఉండటం, కొనేవాళ్లు ఉండటం. ఇందులో రెండోది మన చేతుల్లో ఉంది. అందుకే మొదటి నియమం: తోమకండి. చింతపండు, నిమ్మకాయ, బూడిద, టూత్‌పేస్ట్, ఏదీ వద్దు. తోమిన నాణెం మెరుస్తుంది, కానీ పై పొర గీసుకుపోతుంది, ధర సగానికి పైగా పడిపోవచ్చు. నల్లబడ్డ వెండిని నల్లగానే ఉంచండి. మట్టి ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి.

పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి. మెత్తటి, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటిలోంచి పచ్చటి జిగురు నాణేనికి పడుతుంది. అట్ట ఫ్రేములు, గట్టి ప్లాస్టిక్ డబ్బీలు మంచివి. పెట్టెలో తేమ లేకుండా సిలికా జెల్ పొట్లం వేయండి. వెండి, కంచు కలిపి ఒకే సంచిలో పోయకండి.

చట్టం ఏమంటుంది?

1950 తర్వాతి నాణేలు ఇంట్లో పెట్టుకోవడానికి, కొనడానికి, అమ్మడానికి అనుమతి అక్కర్లేదు. నూరేళ్లు దాటిన నాణేలు మాత్రం 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని సొంతంగా దేశం బయటికి తీసుకెళ్లడం నేరం. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న పిల్లలకు గుర్తుగా నిజాం సిక్కా పంపాలనుకునేవాళ్లు హిజ్రీ తేదీ లెక్క వేసుకుని చూసుకోవాలి. పునాది తవ్వుతుంటే కుండలో నాణేలు దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలపాలి. చెల్లుబాటులో ఉన్న నాణేల్ని కరిగించడం, పాడుచేయడం 2011 నాణేల చట్టం కింద శిక్ష పడే నేరం.

మోసం ఎలా జరుగుతుంది?

దాదాపు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. ముందు వీడియో, లేదా ప్రకటన. మీరు నాణెం ఫోటో పంపుతారు. వెంటనే లక్షల్లో ధర చెప్తారు. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, కొరియర్ బీమా, రిజర్వ్ బ్యాంకు అనుమతి పత్రం అంటూ ఒక్కోటి అడుగుతారు. రిజర్వ్ బ్యాంకు ముద్ర ఉన్న కాగితం కూడా పంపుతారు. కట్టిన డబ్బు పోతుంది, ఆధార్, ఓటీపీ ఇచ్చుంటే ఖాతా కూడా ఖాళీ అవుతుంది.

రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో దీనిమీద స్పష్టంగా హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకు సంబంధం లేదని, వాటికోసం ఏ ఫీజూ, కమిషనూ అడగమని, తమ తరఫున వసూలు చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదని చెప్పింది. ఒక్క సూత్రం చాలు: కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి ఫోన్ చేయండి. గంటల్లో చెప్తే డబ్బు ఆగే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి దాచుకుంటే ఆ అవకాశమూ పోతుంది.

మొదలుపెట్టాలంటే

అణా సిరీస్‌లో ఏడు నాణేలూ ఒక్కొక్కటి సమకూర్చుకోవడం మంచి మొదటి మెట్టు. తర్వాత నయా పైసా వరస. ఆ తర్వాత సంవత్సరాలు, టంకశాలలు. హైదరాబాద్ వాళ్లు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం నాణేల విభాగం, సైఫాబాద్ పాత టంకశాలలోని మ్యూజియం ఒకసారి చూస్తే కళ్లకు అలవాటవుతుంది. అమ్మాలనుకుంటే ఒక్కరి మాట మీద పోకుండా ముగ్గుర్ని అడగండి, నాణెం మీ కళ్లముందే ఉండాలి.

చివరగా, పెద్దవాళ్ల పెట్టెలోంచి వచ్చిన నాణేలు వారసులందరివీ. ఎవరో ఒకరు తీసుకుని అమ్మేశాక గొడవలు పడేకన్నా, అందరి ముందు లెక్కపెట్టి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: విలువ, సంవత్సరం, గుర్తు, బరువు, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది. రెండు పక్కలా ఫోటో తీయండి. దాదీ ఉన్నప్పుడే ఆ సిక్కా ఎక్కడిదో అడిగి పక్కన రెండు లైన్లు రాయించండి. నాణెం మీద లేనిది ఆ ఒక్క వివరమే, అది బజార్లో కొనడానికి దొరకదు.